పడ్డవాడి పూచీ

‘లా ప్రోమెస్’ అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక బెల్టు. పరంజా మీంచి పడి నెత్తురోడుతున్న ఒక కూలీ కాలికి పదిహేనేళ్ళ కుర్రాడొకడు గబగబా బెల్టు బిగించి కడతాడు. కాసేపటికి వాళ్ళ నాన్న వచ్చి చూస్తాడు. ఆసుపత్రికి తీసుకుపోదాం అంటాడు కుర్రాడు. నాన్న ఆ బెల్టు విప్పేస్తాడు. అంతే. అరుపుల్లేవు, తోపులాట లేదు, వెనకనించి వయొలిన్లు లేవు. ఒక మనిషి బతక్కూడదని మన కళ్ళ ముందే తీర్మానం అయిపోయిందన్న సంగతి మనకి కొంచెం ఆలస్యంగా బుర్రకెక్కుతుంది.

బెల్జియం అన్నదమ్ములు జాన్-పియెర్, లుక్ దార్దెన్ 1996లో తీసిన సినిమా ఇది. ఆ తర్వాత 1999లో ‘రొసెట్టా’కీ, 2005లో ‘లాఁఫాఁ’కీ కాన్ ఉత్సవంలో పామ్ దోర్ వచ్చి వాళ్ళు లోకానికంతా తెలిశారు గానీ, వాళ్ళని వాళ్ళుగా చూపించిన మొదటి సినిమా మాత్రం ఇదే. దీని గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది ఇదొక కుర్రాడి అంతరాత్మ మేల్కొన్న కథ అంటారు. లుక్ తత్వశాస్త్రం చదువుకున్నవాడు, లెవినాస్ అంటే ఇష్టం ఉన్నవాడు కాబట్టి, ఎదుటివాడి ముఖం మనల్ని జవాబు అడుగుతుందన్న ఆయన ఆలోచనని దీనికి జోడిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేనూ అలాగే చూశాను, బాగుందనుకున్నాను, పడుకున్నాను.

రెండోసారి చూసింది నాలుగేళ్ళ కిందట. అప్పటికి మా ఇంట్లో ఒక సంగతి జరిగి ఉంది. ఈసారి నాకు అంతరాత్మా కనపళ్ళేదు, లెవినాసూ కనపళ్ళేదు. రికార్డుల్లో లేని పనిలో ఒకడు పడ్డాడు. ఆ పడ్డవాడి పూచీ ఎవరిది? సినిమా మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపించింది. ఈ వ్యాసం ఆ రెండో చూపు గురించి.

*

ఊరు సెరాఁ. లియేజ్ పక్కన, మ్యూజ్ నది ఒడ్డున. 1817లో కాకరిల్ ఉక్కు కర్మాగారం మొదలైన చోటు. దార్దెన్లు ఆ చుట్టుపక్కలే పెరిగారు, వాళ్ళ సినిమాలు దాదాపు అన్నీ అక్కడే తీశారు. కొలుములు చల్లారిపోయాక ఆ ఊళ్ళో మిగిలినవి ఖాళీ ఇళ్ళూ, చిన్నాచితకా వ్యాపారాలూ. రోజే అలాంటి ఒక వ్యాపారి. కాగితాలు లేని వలస కూలీలని దొంగదారిన తెప్పిస్తాడు, ఒక పాత ఇంట్లో గదులు అద్దెకిస్తాడు, గ్యాస్ బండకి కూడా విడిగా వసూలు చేస్తాడు, అద్దె కట్టలేనివాళ్ళ చేత తన సొంతిల్లు బాగుచేయించుకుంటాడు. కొడుకు ఇగోర్ ఈ వ్యాపారంలో గుమాస్తా. అద్దెలు రాసుకుంటాడు, డబ్బులు లెక్కపెడతాడు. ఒక గరాజులో మెకానిక్ పని కూడా నేర్చుకుంటూ ఉంటాడు గానీ, నాన్న బయట హారన్ కొడితే చేతిలో పనొదిలేసి పరిగెత్తాలి. చివరికి ఆ హారన్ వల్లే గరాజు ఉద్యోగం పోతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. రోజే భవన నిర్మాణ కంపెనీ యజమాని కాదు. అతను కట్టించుకుంటున్నది తన ఇల్లు, కొడుకూ తనూ ఉండడానికి. సినిమా పొడుగునా అతను ఏ పాడుపని చేసినా, ఇదంతా నీకోసమేరా అన్న ధోరణే. ఒలివియే గుర్మే ఈ పాత్రని ఎలా చేశాడంటే, మనకి అసహ్యం వేసే లోపు ఎక్కడో తెలిసిన మొహంలా అనిపిస్తాడు. కళ్ళద్దాలు, కొంచెం పొట్ట, ఎప్పుడూ ఏదో హడావిడి. కొడుకుని చావగొడతాడు, మళ్ళీ వాడి చేతిమీద పచ్చబొట్టు పొడుస్తూ బుజ్జగిస్తాడు. మన కాలనీల్లో సొంతిల్లు కట్టుకుంటూ, సాయంత్రం ఆఫీసు నించి వచ్చి ఇసుక లెక్క చూసుకునే ఏ పెద్దమనిషికైనా అతనిలో ఒక పాలు ఉంటుంది.

ఇక ప్రమాదం. బుర్కీనా ఫాసో నించి వచ్చిన హమిదు పరంజా ఎక్కి పని చేస్తుంటాడు. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు, అందరూ దాక్కోండని ఇగోర్ హెచ్చరిస్తాడు. ఆ కంగారులో హమిదు దిగబోయి పడతాడు. పడినది మనకి సరిగ్గా కనపడను కూడా కనపడదు. పడి ఉన్నవాడు కనపడతాడు.

నన్ను రెండోసారి ఆపేసింది ఇదే. కూలీని కాపాడ్డానికి పుట్టిన శాఖ గేటు దాకా వచ్చింది. అది వస్తోందనే కూలీ పడ్డాడు. ఇన్‌స్పెక్టర్లు చెడ్డవాళ్ళని సినిమా అనదు. వాళ్ళు తమ పని తాము చేసుకు వెళ్ళిపోతారు. కానీ ఒక పని మొత్తం దాపరికం మీద నిలబడి ఉన్నప్పుడు, రక్షణ కూడా దాడిలాగే వస్తుంది. హమిదు భయపడింది ఎత్తుకి కాదు, తన పేరు ఎక్కడ రాసుకుంటారో అని. ఇదే సినిమా కంపెనీ సైట్‌లో జరిగి ఉంటే మనకి ఒక దుర్మార్గపు యజమానీ, ఒక తెగిన తాడూ దొరికేవి, తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. దార్దెన్లు మనకి ఆ సుఖం ఇవ్వలేదు.

పడ్డ హమిదు ఇగోర్‌ని ఒకటే అడుగుతాడు: నా భార్యనీ బిడ్డనీ చూసుకో. ఇగోర్ సరే అంటాడు. సినిమా పేరులో ఉన్న మాట అదే. అయితే ఆ మాట ఇచ్చిన తీరు చూడండి. ఇన్‌స్పెక్టర్లు లోపలికి వచ్చేస్తున్నారు, ఈ మనిషిని కనపడకుండా కప్పెయ్యాలి, వాడు చెయ్యి వదలడు. మాట ఇస్తే గానీ కప్పడం కుదరదు. కాబట్టి ఇచ్చాడు. అంటే ఆ గొప్ప వాగ్దానం పుట్టినప్పుడు దాపరికంలో ఒక భాగంగానే పుట్టింది. తర్వాత గంటంబావు సినిమా అంతా, తొందరలో ఇచ్చిన ఆ మాట నిజంగా ఎంత బరువుందో ఆ కుర్రాడికి తెలిసిరావడమే.

*

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ సినిమా గురించి నేను రాసేదంతా ఉట్టి మాటలవుతాయి.

హైదరాబాద్‌లో మాది మొదటి అంతస్తు ఫ్లాటు. ఏసీ సర్వీసుకి కంపెనీకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చేవాడు, నెమ్మదస్తుడు, పని వచ్చినవాడు. వెళ్తూ వెళ్తూ తన నంబరిచ్చి, “ఆదివారం నాకే డైరెక్ట్‌గా చెయ్యండి సార్, సగానికే చేస్తా” అన్నాడు. అందరం చేసేదే. అతనికి నాలుగు డబ్బులు మిగుల్తాయి, మనకీ మిగుల్తాయి. కంపెనీకి తెలీదు, తెలిస్తే ఊరుకోదు. దీన్ని మేమిద్దరం ‘ప్రైవేటు పని’ అనుకునేవాళ్ళం.

ఒక ఆదివారం అవుట్‌డోర్ యూనిట్ చూడ్డానికి కిటికీలోంచి సన్‌షేడ్ మీదికి దిగాడు. సన్‌షేడ్ అంచు విరిగింది. కింద పార్కింగ్‌లో పడ్డాడు. మడమ ఎముక నలిగిపోయింది, ముంజేయి విరిగింది.

ఆటోలో తీసుకెళ్తుంటే, నొప్పిలో కూడా అతను పట్టుకున్నది నా మోచేయి. “సార్, కంపెనీ పేరు మాత్రం రాయించకండి. మెట్లమీద జారి పడ్డానని చెప్పండి. ఉద్యోగం పోతది సార్.” ఆసుపత్రి కౌంటర్‌లో అడిగారు, ఎలా పడ్డాడని. మెట్ల మీద జారాడండీ అన్నాను. చాలా తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. అతని కోసమే అబద్ధమాడుతున్నాననుకున్నాను. ఆ అబద్ధం నాకు కూడా ఎంత సుఖంగా ఉందో ఇంటికొచ్చి స్నానం చేస్తున్నప్పుడు తెలిసింది.

బిల్లు నేనే కట్టాను. రెండు నెలలు ఇంటి ఖర్చులకని కొంత డబ్బు పంపాను. అతని భార్య ఫోన్ చేసి, “మీరు దేవుడు సార్, ఈ రోజుల్లో ఎవరు చేస్తరు” అంది. నేను కాదన్లేదు.

*

చట్టం సంగతి ఒకసారి చూద్దాం, ఎందుకంటే సినిమా దాన్ని గేటు దగ్గరే వదిలేసింది.

బెల్జియంలో పని ప్రమాదాల మీద 1903లోనే చట్టం ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 1971 ఏప్రిల్ 10 నాటిది. అందులో రెండు సంగతులు ఈ కథకి ముఖ్యం. పని ఒప్పందం చెల్లదన్న సాకు చూపించి కూలీకి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. యజమాని బీమా చేయించకపోతే, ఒక ప్రభుత్వ నిధి ముందు బాధితులకి చెల్లించి, తర్వాత ఆ యజమాని దగ్గర రాబట్టుకుంటుంది. అంటే హమిదు దొంగచాటు కూలీ అయినా, రోజే ఒక్క పైసా బీమా కట్టకపోయినా, ఆ శవం బయటపడి ఉంటే హమిదు భార్య అసితాకి అడిగే హక్కు ఉంది. రోజే బెల్టు విప్పింది ఎందుకో ఇప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. బతికినవాడు చికిత్స అడుగుతాడు, చచ్చినవాడి పెళ్ళాం పరిహారం అడుగుతుంది, పారిపోయినవాడి తరఫున ఎవరూ ఏమీ అడగరు. అందుకే రోజే ఆ రాత్రి హమిదుని తన ఇంటి సిమెంటు కింద కప్పేసి, జూదం అప్పులకి భయపడి పారిపోయాడని కథ అల్లుతాడు. ప్రమాదాన్ని పరారీగా మార్చేస్తాడు.

మన దగ్గరా చట్టాలకి తక్కువేం లేదు. 1923 నాటి పరిహార చట్టం ఉంది, 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో దాన్ని కలిపేశారు. పాత చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం, కాంట్రాక్టర్ పెట్టిన కూలీకి దెబ్బ తగిలినా అసలు యజమాని పూచీ పడాలి. అయితే ఆ పని అతని వ్యాపారంలో భాగమై ఉండాలి. ఏసీ బాగుచేయించుకోవడం నా వ్యాపారం కాదు. ఈ సినిమా వచ్చిన 1996లోనే మన భవన నిర్మాణ కార్మికుల చట్టమూ వచ్చింది. అందులో, పది లక్షలకి మించని ఖర్చుతో సొంతిల్లు కట్టుకునేవాణ్ణి మినహాయించారు. సొంతింటివాడి మీద మన చట్టాలకి మొదట్నించీ జాలి ఎక్కువ. రోజేకి కూడా ఇక్కడైతే కొంచెం వెసులుబాటు దొరికేదేమో.

ఇంకో లెక్క. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగి డ్యూటీలో పడి కాలు విరగ్గొట్టుకుంటే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. అదే మనిషి సెలవు రోజున వేరే చోట పడితే అది మామూలు జబ్బు కింద లెక్క: 70 శాతం, ఏడాదికి 91 రోజులు. ఒకే కాలు, ఒకే ఎముక. శనివారం విరిగితే ఒక ధర, ఆదివారం విరిగితే ఇంకో ధర. మా కుర్రాడికి ఈఎస్ఐ ఉందో లేదో నేను అడగనే లేదు. అడిగితే మెట్ల కథ నిలబడదు కదా.

*

ఈ సినిమాలో డబ్బు చేతులు మారే సన్నివేశాలు వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇగోర్ అసితాకి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటాడు. హమిదు జూదం బాకీ తీర్చడానికి నాన్నకి తెలీకుండా డబ్బిస్తాడు. ఆ సంగతి తెలిసి నాన్న చావగొడతాడు. చివరికి నాన్న వ్యానే ఎత్తుకుపోయి ఆమెని కాపాడతాడు. రోజే ఆమెని కొలోన్‌కి తీసుకెళ్ళి అమ్మేయాలని చూస్తున్నాడు, హమిదు అక్కడున్నాడని దొంగ టెలిగ్రామ్ కూడా పుట్టించాడు. బిడ్డకి జ్వరమొస్తే ఆసుపత్రి, తర్వాత ఇటలీ వెళ్ళే దారి, అన్నిట్లో ఇగోర్ పక్కనే ఉంటాడు. ఇచ్చిన మాట తు.చ. తప్పకుండా నిలబెట్టుకుంటున్నాడనే అనాలి.

అయినా మనకి ఊపిరాడదు. ఎందుకు? ఇవన్నీ ఇస్తున్నంతసేపూ ఒకటి మాత్రం ఇవ్వడం లేదు: ఏం జరిగిందో చెప్పడం లేదు. చెప్పనంతవరకూ ఆ డబ్బంతా దయ. చెప్పిన క్షణం అది బాకీ అవుతుంది. దయకి కొలత ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, బాకీకి కొలత అడిగేవాడి చేతిలో ఉంటుంది. ఈ తేడా ఇంత నిశ్శబ్దంగా చెప్పిన సినిమా నేనింకోటి చూడలేదు. జెరెమీ రెనియే మొహంలో, అసితాకి ఏదైనా అందించే ప్రతిసారీ, చూపు ఆమె మీద నిలబడక పక్కకి జారిపోతుంది. కెమెరా అతని మెడ వెనకే నిలబడి, ఆ జారడాన్ని పట్టుకుంటుంది. పధ్నాలుగు పదిహేనేళ్ళవాడు అలా ఎలా నటించాడో నాకిప్పటికీ తెలీదు.

‘పూచీ’ అన్న మన మాటకి ఇక్కడ పని ఉంది. పూచీ పడ్డం అంటే డబ్బు పెట్టడం ఒక్కటే కాదు. నలుగురి ముందు నిలబడి, వీడి సంగతి నన్నడగండి అనడం. నేను డబ్బు పెట్టాను. నిలబడలేదు.

*

పోలికకి ఇంకో రెండు సినిమాలు చెబుతాను. రెండూ కెన్ లోచ్ తీసినవే.

‘రిఫ్-రాఫ్’ 1991లో వచ్చింది. రాసిన బిల్ జెస్ లండన్ కట్టడాల్లో కూలి పని చేసినవాడు, సినిమా పూర్తయ్యేలోపే చనిపోయాడు. మూతబడ్డ ఒక ఆసుపత్రిని డబ్బున్నవాళ్ళకి ఫ్లాట్లుగా మారుస్తుంటారు. పనివాళ్ళలో మారుపేర్లు మామూలు. పరంజా భద్రంగా లేదని నోరెత్తిన లారీని పనిలోంచి తీసేస్తారు. తర్వాత డెస్మండ్ అనే కుర్రాడు పైనుంచి పడతాడు. చివర్లో ఇద్దరు పనివాళ్ళు రాత్రిపూట వచ్చి ఆ కట్టడానికి నిప్పు పెడతారు. మొదటిసారి చూసినప్పుడు ఆ మంట నాకు చాలా నచ్చింది. ఇప్పుడు చూస్తే, అది చూసేవాళ్ళకి చలికాచుకోవడానికి పనికొచ్చే మంటలా ఉంది. పడ్డవాడి ఇంటికి ఆ మంటలోంచి ఏం చేరుతుంది? అయితే ‘రిఫ్-రాఫ్’ దగ్గరున్నదీ దార్దెన్ల దగ్గర లేనిదీ ఒకటుంది: తోటి పనివాళ్ళు. నవ్వులు, వెక్కిరింతలు, కలిసి తిండి. పరంజా గురించి ముందే ఎవరో ఒకరు అడిగే అవకాశం. ‘లా ప్రోమెస్’లో హమిదు పక్కన పనిచేసినవాళ్ళకి నోరే లేదు. ఇది సినిమా లోపమనే అంటాను.

రెండోది ‘సారీ వి మిస్డ్ యు’, 2019. రచన పాల్ లావెర్టీ, ఊరు న్యూకాసిల్. రికీ అనే డెలివరీ డ్రైవరు. అతన్ని ఎవరూ ఉద్యోగంలోకి తీసుకోరు. వచ్చి మాతో చేరావు అంటారు, నీకు నువ్వే యజమానివి అంటారు. వ్యాన్ కోసం భార్య కారు అమ్మేస్తాడు. ఒకరోజు దొంగలు కొట్టి, సరుకు దోచుకుంటారు. ఆసుపత్రిలో వరసలో కూర్చుని ఉండగా డిపో నించి ఫోన్: పగిలిన స్కానర్‌కి వెయ్యి పౌండ్లు నువ్వే కట్టాలి. మర్నాడు పొద్దున్నే, వాచిన కంటితో, ఇంట్లోవాళ్ళు అడ్డుపడుతున్నా బండెక్కి పోతాడు. ఇరవై మూడేళ్ళలో రోజే అనేవాడి అవసరమే లేకుండా పోయింది. బెల్టు విప్పడానికి ఇంకొకడక్కర్లేదు, ఎవడి బెల్టు వాడే విప్పుకునే ఏర్పాటు వచ్చేసింది. ఆటోలో మా కుర్రాడు నా మోచేయి పట్టుకుని అడిగింది కూడా అదే.

ఈ కథలో మన ఊళ్ళకీ సొంత అధ్యాయం ఉంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే ‘ఆజాద్ వీసా’ అంటే ఏమిటో చెబుతారు. వీసా ఒకడి పేరు మీద, పని ఇంకొకడి దగ్గర. అసలు కఫీల్‌ని వదిలేసి బయటి పని చేసుకునేవాణ్ణి ‘ఖల్లివెల్లి’ అయ్యాడంటారు. అలాంటివాడు పడితే, పని ఇచ్చినవాడికి వాడెవడో తెలీదు, పేరు ఇచ్చినవాడు వాణ్ణి పారిపోయినవాడిగా ఎప్పుడో రాయించేశాడు. వలస వెళ్ళే కార్మికులకి పెట్టిన ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాద మరణానికి 10 లక్షలు ఉంది, యజమాని మారినా వర్తిస్తుంది. కానీ అది అందాలంటే ముందు ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పింది కాగితమ్మీదికి ఎక్కాలి. ప్రమాదం పరారీగా మారిపోయే దారి సెరాఁ ఊరికే పరిమితం కాదు.

*

ఈ సినిమా మీద ఒక పాత అభ్యంతరం ఉంది: ఒక నల్లవాడు చచ్చిపోతే గానీ తెల్ల కుర్రాడు మనిషి కాలేదా? హమిదు చావు ఇగోర్ ఎదుగుదలకి పెట్టుబడేనా? సగం ఒప్పుకుంటాను. హమిదుకి సినిమాలో దక్కింది కొద్ది నిమిషాలే. కెమెరా ఎప్పుడూ ఇగోర్‌తోనే ఉంటుంది. అసితా గదిలో ఒంటరిగా ఏమనుకుంటోందో మనకి ఇగోర్ తొంగిచూస్తేనే తెలుస్తుంది.

కానీ అసితా ఊరికే కాపాడబడే మనిషి కాదు. అదే మొదటి పేరున్న బుర్కీనా నటి అసితా ఉయెద్రావ్గో ఆ పాత్రని ఒక రాయిలా నిలబెట్టింది. మొదట్నించీ ఆమెకి రోజే కథ మీద నమ్మకం లేదు. కోడి పేగుల్లో శకునం చూస్తుంది, గణాచారి లాంటివాణ్ణి అడుగుతుంది, ఇగోర్‌ని అనుమానంగా చూస్తుంది. ఆమె అడుగుతున్నది సాయం కాదు. నా మొగుడేడీ అని అడుగుతోంది. అందరూ ఆమెకి ఇంకేదేదో ఇస్తున్నారు.

చివరి సన్నివేశం స్టేషన్లో. ఇటలీ రైలెక్కడానికి ఆమె బిడ్డతో మెట్లెక్కుతోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఇగోర్ గెలిచినట్టే. మాట నిలబడింది, తల్లీబిడ్డా భద్రం, నాన్న తప్పించుకున్నట్టే, తనూ తప్పించుకున్నట్టే. అప్పుడు చెప్పేస్తాడు, ఆమె వీపుకి. హమిదు చచ్చిపోయాడని, పరంజా మీంచి పడ్డాడని, ఆసుపత్రికి తీసుకెళ్దామంటే నాన్న వద్దన్నాడని, తను విన్నాడని. ఆమె తిరిగి చూస్తుంది. కొట్టదు, ఏడవదు, క్షమించదు. మెట్లు దిగి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. అతను సంచీ పట్టుకుని పక్కన నడుస్తాడు. సినిమా అయిపోతుంది.

ఎక్కడికి నడుస్తున్నారు? పోలీసుల దగ్గరికా, సిమెంటు పోసిన ఆ ఇంటికా, సినిమా చెప్పదు. నాకు తెలిసిందల్లా, అంతవరకూ ఆమెని పంపించేస్తున్నారు, ఇప్పుడామె అడగడానికి వెనక్కొచ్చింది. ఆ కుర్రాడు ఆమెకిచ్చిన వాటిలో ఆమె వాడుకోగలిగింది అదొక్కటే. పాత అభ్యంతరానికి దార్దెన్ల దగ్గర ఉన్న జవాబు కూడా ఆ వెనక్కి తిరగడమే. పూర్తి జవాబు కాకపోవచ్చు. కథ ఆఖర్న ఆమె చేతికొచ్చింది.

*

మా ఇంటి సంగతిలో ఒక ముక్క ఇందాక చెప్పలేదు. ఆ సన్‌షేడ్ అంచు పగులిచ్చిందని నాకు ముందే తెలుసు. అంతకు ముందు వానాకాలంలోనే వాచ్‌మన్ చూపించాడు, పెచ్చు రాలి పడుతోంది సార్ అని. చేయిద్దాంలే అన్నాను. ఆ ఆదివారం కుర్రాడు కిటికీలోంచి కాలు బయట పెడుతున్నప్పుడు నేను పక్క గదిలో పేపర్ చదువుకుంటున్నాను. చూసుకో అని ఒక్కమాట అనలేదు. గుర్తు రాలేదు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజంగా గుర్తు రాలేదో, గుర్తొస్తే ఆ రోజు పని ఆగిపోతుందని రానివ్వలేదో, ఇప్పుడు తేల్చుకోలేను.

ఈ వ్యాసం రాయడం మొదలెట్టాక, సగంలో ఆపేసి అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో చిన్న షాపు పెట్టుకున్నాడు. నిచ్చెనలు ఎక్కడు, మడమ ఒప్పుకోదు. సన్‌షేడ్ సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

“నాకూ కనపడ్డది సార్, పగులు,” అన్నాడు. “ఎక్కకపోతే మీరు ఇంకోణ్ణి పిలుస్తరు కదా.”

మళ్ళీ కాసేపాగి, “మీకు ముందే తెలుసని అప్పుడు చెప్పుంటే, ఇంకో నాలుగు నెలలు అడిగేటోణ్ణి సార్,” అన్నాడు. గొంతులో కోపం లేదు. లెక్క ఉంది.

ఇప్పుడు అడుగు అన్నాను.

అడిగాడు.